దివ్యాంగుల పార్కింగ్ ఎవరికి? వైకల్య శాతం చూడాలా, నడవగలిగే దూరం చూడాలా?

రంజాన్ ముందు డ్రైఫ్రూట్స్ కోసమో, పెళ్లికి ఇత్తడి, స్టీలు సామాన్ల కోసమో బేగంబజార్ బయలుదేరే ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "నానీని ఇంట్లోనే ఉండమను, అక్కడ బండి ఆపే జాగా దొరకదు." మోకాళ్లు అరిగిన నానీ, చిన్నప్పుడు పోలియో వచ్చిన మామూ, గుండె ఆపరేషన్ అయిన అబ్బా బజారుకు రాకపోవడానికి కారణం సరుకులు నచ్చకపోవడం కాదు. బండి ఆగే చోటు నుంచి దుకాణం మెట్టు దాకా ఉండే దూరం. ఆ దూరాన్ని తగ్గించడానికే దివ్యాంగుల పార్కింగ్ అనే ఏర్పాటు పుట్టింది. కానీ ఆ జాగా ఎవరికి దక్కాలి, ఎవరికి దక్కకూడదు అనే దగ్గర మన దగ్గర స్పష్టత లేదు. చట్టం ఏం చెబుతోంది, బయటి దేశాలు ఎలా తేల్చుకున్నాయి, బేగంబజార్ లాంటి చోట ఏ కొలత పనికొస్తుంది అన్నది ఇక్కడ చూద్దాం.

కార్డు అంటూ ఉందా?

బ్రిటన్‌లో బ్లూ బ్యాడ్జ్ ఉన్నట్టు మన దేశంలో అంతటా చెల్లే పార్కింగ్ కార్డు లేదు. మన దగ్గర ఉన్నవి వేరే కాగితాలు. ఒకటి యూడీఐడీ కార్డు. ఇది వైకల్యం ఉందని, ఎంత శాతమో చెబుతుంది. రెండోది బండి ఆర్సీ. 2020 అక్టోబర్‌లో కేంద్ర రవాణా శాఖ వాహనాల రిజిస్ట్రేషన్ ఫారం 20ని సవరించి, యజమాని రకంలో 'దివ్యాంగజన్' అనే గడి చేర్చింది. మూడోది టోల్ మినహాయింపు. దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారు చేసిన బండికి జాతీయ రహదారుల మీద టోల్ కట్టనక్కర్లేదు, దానికి వేరే ఫాస్టాగ్ ఉంటుంది.

ఈ మూడింటిలో ఏదీ "ఈ మనిషి ఇక్కడ బండి ఆపుకోవచ్చు" అని చెప్పదు. అందుకే మాల్ బేస్‌మెంట్‌లో వీల్‌చెయిర్ బొమ్మ గీసిన గడి ముందు సెక్యూరిటీ వాళ్లే తీర్పు చెప్పేస్తారు. చంకలో కర్ర కనిపిస్తే సరే. ఏమీ కనిపించకపోతే "సార్, ఇది హ్యాండీక్యాప్డ్ వాళ్లది, తీయండి" అంటారు. పెద్ద కారులో వచ్చినవాళ్లు గట్టిగా మాట్లాడితే అదీ అనరు.

చట్టం ఎంతవరకు వచ్చింది?

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించేది. దాని స్థానంలో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2016, ఆ సంఖ్యను 21కి పెంచింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మస్తిష్క పక్షవాతం, కండరాల క్షీణత, ఆటిజం, పార్కిన్సన్స్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, యాసిడ్ దాడి బాధితులు, అందరూ ఈ జాబితాలో ఉన్నారు. 40 శాతం, అంతకు మించి ఉన్నవాళ్లను 'బెంచ్‌మార్క్ వైకల్యం' ఉన్నవాళ్లు అంటారు. ఉద్యోగాల రిజర్వేషన్ ఈ గీత మీదే నడుస్తుంది.

పార్కింగ్ మాట ఈ చట్టంలో నేరుగా వచ్చేది 41వ సెక్షన్‌లో. బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాల్లో పార్కింగ్ స్థలాలు, మరుగుదొడ్లు, టికెట్ కౌంటర్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని ప్రభుత్వానికి చెబుతుంది. అంటే నాంపల్లి రైల్వే స్టేషన్ ఈ సెక్షన్ కిందకు వస్తుంది. అక్కడి నుంచి ఆటోలో పది, పదిహేను నిమిషాల దూరంలో ఉన్న బేగంబజార్ వీధి రాదు. మాల్స్, ఆఫీసులు, ఆసుపత్రుల భవనాలకు 44, 45 సెక్షన్లు ఉన్నాయి. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను ఐదేళ్లలో సరిచేయాలన్నారు. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022తోనే తీరిపోయింది. స్టేషన్‌కో సెక్షన్, భవనానికో సెక్షన్ ఉన్నాయి. పాత బజారు వీధి మాత్రం రెండింటి మధ్య ఎటూ కాకుండా మిగిలింది.

జాగా కొలతలు మాత్రం కాగితం మీద బాగానే ఉన్నాయి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం భవనం ద్వారానికి 30 మీటర్ల లోపు కనీసం రెండు కార్లకు చోటు కేటాయించాలి. ఒక్కో గడి వెడల్పు 3.6 మీటర్లు ఉండాలి. మామూలు కారు గడి రెండున్నర మీటర్లు ఉంటుంది. మిగిలిన మీటరు చిల్లర ఎందుకంటే, కారు డోర్ పూర్తిగా తెరుచుకుని, పక్కన వీల్‌చెయిర్ పెట్టుకుని, మనిషి అందులోకి జరగాలి. ఆ ఖాళీ లేకపోతే ద్వారం పక్కనే గడి ఇచ్చినా లాభం లేదు. చాలా చోట్ల మామూలు గడికే నీలం రంగు వేసి, బొమ్మ గీసి వదిలేస్తున్నారు. పక్క కారు ఆనుకుని ఆపితే లోపలి మనిషి లోపలే.

ఈ కొలతలు సలహాలా, హుకుమా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. చట్టం తప్పనిసరి అంటుంటే నిబంధనలు 'పాటిస్తే మంచిది' అన్నట్టు ఉన్నాయని, 15వ నిబంధనలోని ఆ భాగం చెల్లదని కోర్టు చెప్పింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారు చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రమే.

ఇవన్నీ జాగా గురించి. ఎవరికి అన్న దాని మీద చట్టం మౌనంగానే ఉంది. మౌనం ఉన్న చోట అధికారులు అలవాటైన గీతనే తీసుకుంటారు. ఆ గీత 40 శాతం.

శాతంతో వచ్చే చిక్కు

శాతం దేనికి పుట్టింది? ఉద్యోగం, పింఛను లాంటి వాటికి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. అలాంటి డబ్బు సాయానికి ఒక గీత ఉండాల్సిందే. కానీ పార్కింగ్ అడిగే ప్రశ్న వేరు. ఈ మనిషి బండి దిగాక ఎంత దూరం నడవగలడు అన్నదే ఆ ప్రశ్న. శాతం దానికి జవాబు చెప్పదు.

షుగర్ వల్ల కాలు పోగొట్టుకున్నవాళ్ల సంగతి చూడండి. కేంద్రం లెక్కల పట్టికలో పాదం ముందు భాగం తీసేస్తే 30 శాతం. పాదం సగం వరకు తీసేస్తే 40 శాతం. అన్ని వేళ్లూ పోతే 20. అంటే ఒక పాదం ముందు భాగం పోయి, ఇంకో కాలిలో స్పర్శ సరిగా లేక, ప్రత్యేక చెప్పులతో మెల్లగా అడుగులేసే మనిషి గీతకు కిందే ఉండిపోతాడు. రెండు చెవులూ పూర్తిగా వినిపించని పాతికేళ్ల యువకుడు గీతకు చాలా పైన ఉంటాడు, చార్మినార్ నుంచి నాంపల్లి దాకా నడిచి వెళ్లగలడు. అతని కష్టం చిన్నదని కాదు. అతనికి కావలసింది సైగల భాష తెలిసిన మనిషి, రాసి చూపే బోర్డు. ద్వారం పక్కన గడి ఇవ్వడం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు, దాని అవసరం ఉన్నవాళ్లకు మాత్రం ఒక గడి తగ్గుతుంది.

ఇంకో చిక్కు ఉంది. గుండె బలహీనపడి పది అడుగులకే ఆయాసం వచ్చే వాళ్లు, ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ సిలిండర్ వెంట తెచ్చుకునే వాళ్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి నీరసంగా బయటికొచ్చే వాళ్లు 21 రకాల జాబితాలోనే లేరు. వాళ్లకు శాతం వేసే బోర్డే లేదు. అలాంటప్పుడు 40 శాతమే అర్హత అంటే వీళ్లందరికీ దర్వాజా మూసినట్టే.

బయట ఎలా చేస్తున్నారు?

ఈ పనిలో పాత దేశం బ్రిటన్. 1970లో చట్టం చేసి, 1971లో ఆరెంజ్ బ్యాడ్జ్ మొదలుపెట్టింది. 2000 నుంచి అదే బ్లూ బ్యాడ్జ్ అయింది. మన వాళ్లు లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో దాదాదాదీలకు తీసుకునేది ఇదే. అక్కడ నడక కొలత 50 మీటర్లు. అంతకు మించి నడవలేనివాళ్లకు, పూర్తిగా చూపు లేదని నమోదైనవాళ్లకు బ్యాడ్జ్ వస్తుంది. 2019 ఆగస్టు 30 నుంచి ఇంగ్లండ్ ఇంకో అడుగు వేసింది. ఆటిజం, తీవ్రమైన మానసిక ఆందోళన, మతిమరుపు జబ్బు లాంటి పైకి కనిపించని ఇబ్బందుల వల్ల బయట తిరగడం ప్రమాదమయ్యే వాళ్లకూ దారి తెరిచింది.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వం 1991లో రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా ఇంకా సూటిగా ఉంటుంది. మధ్యలో ఆగకుండా 200 అడుగులు నడవలేకపోవడం, అంటే దాదాపు 60 మీటర్లు. లేదా కర్ర, కృత్రిమ కాలు, వీల్‌చెయిర్, ఇంకో మనిషి సాయం లేకుండా నడవలేకపోవడం. లేదా ఆక్సిజన్ వాడటం. లేదా గుండె జబ్బు మూడు, నాలుగు తరగతుల్లో ఉండటం. ఇందులో ఎక్కడా శాతం అన్న మాటే లేదు. కాలిఫోర్నియాలో శాశ్వత అవసరానికి నీలం ప్లకార్డు, తాత్కాలికానికి ఎర్ర ప్లకార్డు ఇస్తారు. ఎర్రది ఆరు నెలల్లోపే చెల్లుతుంది.

గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు జరిమానాల వైపు నుంచి ఈ సంగతి బాగా తెలుసు. యూఏఈలో కార్డు లేకుండా ఈ గడిలో ఆపితే 1,000 దిర్హామ్‌లు, ఆరు బ్లాక్ పాయింట్లు. సౌదీలో 500 నుంచి 900 రియాల్స్. అక్కడ భయపడి పక్కకు ఆపే మనవాడే శంషాబాద్‌లో దిగాక అదే బొమ్మ మీద బండి పెడతాడు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు, అంతే.

బేగంబజార్‌లో లెక్క వేరు

నిజాం అలీ ఖాన్ కాలంలో ఆయన బేగం హుమ్దా బేగం ఈ జాగాను వ్యాపారులకు ఇచ్చిందని, అందుకే బేగంబజార్ అయిందని చెబుతారు. అప్పుడు వచ్చినవి ఎడ్లబండ్లు. వీధుల వెడల్పు ఇప్పటికీ ఆ కాలాన్నే గుర్తుచేస్తుంది. ఫీల్‌ఖానా, సిద్ధి అంబర్ బజార్, ఉస్మాన్‌గంజ్ వైపు నుంచి ఎటు వచ్చినా లోడు దించే మినీ లారీలు, హమాలీల ఠేలాలు, ఆటోలు, వాటి సందుల్లో బైకులు. ఇలాంటి చోట 3.6 మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు గడి గీయమంటే వ్యాపారులు నవ్వుతారు. వాళ్ల నవ్వులో న్యాయం కూడా కొంత ఉంది.

కానీ ఇక్కడికి వచ్చే దివ్యాంగుల్లో ఎక్కువమంది కార్లలో రారు. స్కూటర్ల మీద వస్తారు. వెనక రెండు పక్క చక్రాలు బిగించిన బండ్లు. తెలంగాణ వికలాంగుల సహకార సంస్థ కూడా ఇలాంటి బండ్లనే పంపిణీ చేస్తుంది. పోలియో కాలంలో పుట్టినవాళ్లు ఇప్పుడు నలభై, యాభై దాటారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిది, 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమైంది. కానీ అంతకుముందు కాళ్లు పోయిన తరం ఇంకా దుకాణాల్లో, గోదాముల్లో, సెల్ రిపేర్ కౌంటర్ల దగ్గర పని చేస్తూనే ఉంది. వాళ్లకు పార్కింగ్ అంటే కారు గడి కాదు, పక్క చక్రాల స్కూటర్ నిలిచే చోటు.

ఈ బండి సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఇది మామూలు స్కూటర్ల వరసలో పట్టదు, వెడల్పు ఎక్కువ. స్టాండు వేసి పక్కకు వాల్చడం కుదరదు. పార్కింగ్ కుర్రాళ్లు మామూలు బైకుల్ని వెనక పట్టుకుని ఎత్తి జరిపేస్తారు, దీన్ని అలా జరిపితే పక్క చక్రం బిగింపు పోతుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది తిరిగి వచ్చాక ఎదురవుతుంది. ఎవరో పక్కనే ఆనించి బైకు పెట్టి పోతారు. కర్రల మీద నిలబడి, కాలు అటు వేసి ఎక్కడానికి సందు ఉండదు. ఆ బైకు వాళ్లు షాపింగ్ ముగించుకుని వచ్చేదాకా ఎండలో నిలబడాల్సిందే.

కాబట్టి బేగంబజార్‌లో ప్రతి వీధి మొగలో రెండు, మూడు స్కూటర్లకు సరిపడా చోటు, వాటి మధ్య ఒక మనిషి కర్రలతో నిలబడేంత ఖాళీ గీస్తే ఒక కారు జాగాలో అయిపోతుంది. దాంతోపాటు ఆటో గానీ కారు గానీ ఆగి మనిషిని దించి వెళ్లిపోయే చోటు ఒకటి ఉండాలి. అక్కడ బండి నిలపకూడదు, దించడానికి ఐదు నిమిషాలు చాలు. నానీ లాంటి వాళ్లకు కావలసింది ఇదే. గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, మంచిదే. 2018 సెప్టెంబర్‌లో ఈ లైను మొదలైనప్పటి నుంచి చాలామందికి దారి సులువైంది. ఐతే లిఫ్టు దిగాక బజారు దాకా ఉన్నది కాళ్లు బాగున్నవాళ్లకే నడక దూరం.

మరి ఎవరెవరికి ఇవ్వాలి?

వీల్‌చెయిర్, క్యాలిపర్, కృత్రిమ కాలు, కర్ర మీద ఆధారపడేవాళ్ల విషయంలో వాదన ఏమీ లేదు. చూపు పూర్తిగా లేనివాళ్లకు కూడా ఇవ్వాలి. వాళ్లు బండి నడపరు కదా అంటారు. కానీ ఠేలాలు, బైకులు దూసుకొచ్చే వీధిలో చేయి పట్టుకుని నడిపించే దూరం ఎంత తగ్గితే అంత క్షేమం. ఒక కన్ను మాత్రమే పోయినవాళ్లకు ఇది వర్తించదు.

గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బుల వాళ్లకు 21 రకాల జాబితాతో సంబంధం లేకుండా నడక కొలతతోనే ఇవ్వాలి. ఇదే ఈ మొత్తం విషయంలో గట్టిగా అడగాల్సిన మాట. పైకి బాగానే కనిపించే మనిషి కారు దిగితే చుట్టుపక్కల వాళ్లు చూసే చూపు, అనే మాట వీళ్లకు జబ్బుకంటే ఎక్కువ బాధ. కార్డు ఉంటే ఆ వివరణ ఇచ్చుకునే అవసరం తప్పుతుంది.

ఆటిజం ఉన్న పిల్లల దగ్గర కొంచెం ఆగాలి. కాళ్లు బ్రహ్మాండంగా పని చేస్తాయి, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. హారన్ మోతకు బెదిరి అమ్మీ చేయి విడిపించుకుని బండ్ల మధ్యకు పరుగెత్తే పిల్లాడికి వంద మీటర్ల గుంపు ప్రాణాపాయం. ఇంగ్లండ్ 2019లో ఒప్పుకున్నది ఈ సంగతినే. అయితే ఆటిజం అన్న పేరు ఉంటే చాలు అనడం సరికాదు. బయట తిరిగేటప్పుడు ప్రమాదం ఉందా అన్నది డాక్టర్ రాయాలి. తలసేమియా, హీమోఫీలియా పిల్లలకూ ఇదే పద్ధతి. మామూలు రోజుల్లో పరుగెత్తే పిల్లాడికి అవసరం లేదు, కీళ్లలో రక్తం చేరి నడవలేని పిల్లాడికి ఉంది.

కాలు విరిగినవాళ్లు, మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లు మన చట్టం నిర్వచనంలోకి రారు. అది దీర్ఘకాలిక ఇబ్బందుల గురించే మాట్లాడుతుంది. ఐనా వాళ్లకు మూడు నుంచి ఆరు నెలల వేరే రంగు కార్డు ఇవ్వడంలో నష్టం లేదు. గడువు తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పెద్ద వయసు, గర్భం? వీటికి వేరే మర్యాద చాలు. డెబ్బై ఏళ్ల వాళ్లందరికీ కార్డు ఇస్తే ఆ రెండు గడులూ ఉదయం పది గంటలకే నిండిపోతాయి, క్యాలిపర్ మనిషి మళ్లీ బయటే. నడవలేని పెద్దవాళ్లు ఎలాగూ నడక కొలతలోకి వచ్చేస్తారు. అరవై దాటినా ఫజర్ తర్వాత నెక్లెస్ రోడ్డులో వాకింగ్ చేసే చాచాకు ఇది అక్కర్లేదు. గర్భిణులకు దించే చోటు ఉపయోగపడుతుంది, బిడ్డ కడుపులో ఉండగా నడవొద్దని డాక్టర్ చెప్పిన వాళ్లకు తాత్కాలిక కార్డు సరిపోతుంది.

మనిషికా, బండికా?

టోల్ మినహాయింపు బండికి కట్టిపెట్టారు. మార్చిన బండైతేనే చెల్లుతుంది. అన్న కారులో వెనక సీటులో కూర్చుని వచ్చే వీల్‌చెయిర్ చెల్లెలికి అది దక్కదు. పార్కింగ్‌లోనూ ఇదే పొరపాటు చేస్తే ఆడవాళ్లే ఎక్కువ నష్టపోతారు, ఎందుకంటే మన ఇళ్లలో దివ్యాంగులైన ఆడవాళ్ల పేరు మీద బండి ఉండటం అరుదు. వాళ్లు భాయ్ బైకు మీదో, ఆటోలోనో వస్తారు. కార్డు మనిషి పేరు మీద ఉండి, ఆ మనిషి ఏ బండిలో ఉంటే ఆ బండికి చెల్లాలి. బ్లూ బ్యాడ్జ్ అలాగే పని చేస్తుంది, వెనక వైపు ఫొటో ఉంటుంది.

దీనికి ఒక షరతు తప్పదు. ఆ మనిషి బండిలో ఉండాలి, లేదా ఆ మనిషిని తీసుకెళ్లడానికి వచ్చి ఉండాలి. అమ్మీ కార్డు డ్యాష్‌బోర్డు మీద పెట్టి కొడుకు సినిమాకు వెళ్లడం కాదు.

ఎవరు రాయాలి, మోసం ఎలా ఆపాలి?

ఇప్పుడు వైకల్య ధ్రువపత్రం కోసం తిరిగినవాళ్లకు ఆ కష్టం తెలుసు. మొన్నటిదాకా మీసేవలో సదరం స్లాట్ దొరకడమే ఒక పని. 2021 జూన్ నుంచి దేశమంతా యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఆన్‌లైన్‌లో ధ్రువపత్రాలు ఇవ్వాలని కేంద్రం చెప్పింది, 2025లో తెలంగాణ కూడా ఆ దారికి మారింది. కార్డు మీద తెల్ల గీత అయితే 40 శాతం లోపు, పసుపు అయితే 40 నుంచి 80 లోపు, నీలం అయితే 80, ఆ పైన. పార్కింగ్ కోసం ప్రతి ఒక్కరినీ మళ్లీ ఇంకో బోర్డు ముందు నిలబెట్టక్కర్లేదు. కదలిక వైకల్యం, చూపు లేకపోవడం యూడీఐడీలో ఇప్పటికే ఉన్నవాళ్లకు నేరుగా ఇచ్చేయొచ్చు. మిగిలినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రిలో సంబంధిత స్పెషలిస్టు నడక పరీక్ష చేసి రాస్తే చాలు. ఏ డాక్టర్ రాసినా చెల్లుతుంది అంటే మాత్రం తెలిసిన క్లినిక్‌కు వెళ్లి వంద రూపాయలకు రాయించుకునేవాళ్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు.

ఇవ్వడం ఎంత ముఖ్యమో వెనక్కి తీసుకోవడం అంతే ముఖ్యం. కాలిఫోర్నియా ఆడిటర్ 2017లో లెక్కలు తీస్తే, వందేళ్లు దాటినవాళ్ల పేరు మీద దాదాపు 26,000 ప్లకార్డులు ఉన్నట్టు తేలింది. ఆ రాష్ట్రంలో వందేళ్లు దాటినవాళ్లు ఉన్నదే ఎనిమిది వేల మంది అని అంచనా. చనిపోయినవాళ్ల కార్డులతో పిల్లలు బండ్లు ఆపుకుంటున్నారన్న మాట. బ్రిటన్ దీనికి చేసిన మందు చిన్నదే, బ్యాడ్జ్ మూడేళ్లకు మించి చెల్లదు, మళ్లీ తీసుకోవాలి. కాలు పోయినవాళ్లను ప్రతి మూడేళ్లకు మళ్లీ పరీక్షించడం అవమానం కాబట్టి, వాళ్లకు ఆధార్‌తో బతికి ఉన్నట్టు చూపితే పొడిగిస్తే సరిపోతుంది.

దొంగ కాగితాలతో దివ్యాంగుల ప్రయోజనాలు కొట్టేయడం మన చట్టంలోనూ నేరమే. 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఆ సెక్షన్ బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన ప్రయోజనాల గురించి. గడిలో ఊరికే బండి పెట్టి వెళ్లేవాళ్లను ఆపడానికి అది పనికిరాదు, దానికి చలాన్ కావాలి. ఇక్కడ ఒక సులువైన దారి ఉంది. ట్రాఫిక్ పోలీసులు ఫొటో తీసి ఈ-చలాన్ వేసేటప్పుడు నంబరు ఎలాగూ కొడతారు. ఆర్సీలో 'దివ్యాంగజన్' అని ఉందో లేదో, ఆ నంబరుకు కార్డుదారు జత అయ్యారో లేదో అక్కడే కనిపించేలా చేయొచ్చు.

ఇప్పుడే ఎందుకు అడగాలి?

బేగంబజార్ పక్కనే గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. రెండు వేల పడకల ఆసుపత్రి అది. కట్టడం అయ్యాక క్యాలిపర్లు, డయాలసిస్, గుండె ఓపీ, అన్నీ ఈ వీధుల గుండానే వస్తాయి. లోపల ద్వారానికి 30 మీటర్లలో ఎన్ని గడులు, పక్క చక్రాల స్కూటర్లకు ఎంత జాగా, గేటు బయట దించే చోటు ఎక్కడ అన్నది ఇప్పుడు నక్షా మీద అడిగితే ఖర్చు లేదు. గోడలు లేచాక అడిగితే ఉంటుంది.

నాంపల్లి మెట్రో దగ్గర కట్టిన ఆటోమేటిక్ మల్టీలెవెల్ పార్కింగ్‌లో ప్రశ్న ఇంకోలా ఉంటుంది. అలాంటి చోట కారును కింద ప్లాట్‌ఫాం మీద వదిలితే యంత్రమే పైకి తీసుకెళ్లి పెడుతుంది. వెడల్పు గడి అవసరం లేదు. కానీ కారు వదిలే ఆ చోటే వెడల్పుగా ఉండాలి, వీల్‌చెయిర్ దించి, మనిషి అందులోకి మారేదాకా వెనక వాళ్లు హారన్ కొట్టకుండా ఆగాలి.

ఇంట్లో అవసరం ఉన్నవాళ్లు ఈలోగా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. యూడీఐడీ లేకపోతే స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. 40 శాతం రాదేమో అని ఆగిపోవద్దు, తెల్ల గీత కార్డైనా రేపు పార్కింగ్ నియమాలు వస్తే ఆధారం అవుతుంది. స్కూటర్‌కు పక్క చక్రాలు బిగించాక ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ మీద ఆ మార్పు తప్పక ఎక్కించండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు అడ్డం తిరుగుతారు. కొత్త బండి కొంటుంటే యజమాని రకం గడిలో 'దివ్యాంగజన్' అని రాయించండి. మాల్‌లో ఫీజు దగ్గర గొడవైతే 2018 మార్చిలో వచ్చిన జీవో 63 గుర్తుంచుకోండి. మొదటి అరగంట పార్కింగ్ అందరికీ ఉచితం. నడవడానికి ఎక్కువ సమయం పట్టే వాళ్లకు ఆ అరగంట లిఫ్టు దగ్గరే అయిపోతుంది, కాబట్టి వాళ్లకు అదనపు సమయం ఇవ్వాలని అడగడంలో తప్పు లేదు.

కేటాయించిన గడిని దుకాణం సామాన్లతో నింపినా, ఆసుపత్రి, మాల్ లాంటి చోట అసలు గడే పెట్టకపోయినా రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. వకీలు అక్కర్లేదు. ఫొటో, తేదీ, సమయం, చోటు పేరు, మీ యూడీఐడీ నంబరు జతచేయండి. చట్టాన్ని ఉల్లంఘించినట్టు తేలితే 89వ సెక్షన్ కింద మొదటిసారి పది వేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదు తెలుగులో రాసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.